వీథికెక్కిన అన్యాయములు, వాడలో మిగిలినవి

మంచిర్యాల నుండి శ్రీరాంపురము పోవు దారిలో, ఒకప్పుడు గోదావరి చెంత సామాన్యమైన పల్లెయై యుండి, బొగ్గుబాయిలు పడిన పిమ్మట బస్తీగా పెరిగి, 2025 వరకు పురపాలక సంఘమై యుండి, నేడు మంచిర్యాల జిల్లా కలెక్టరు కార్యాలయమును గలిగియున్న నస్పూరులో, సోమవారమునాడు అర్జీలు స్వీకరించు ప్రజావాణికి వచ్చు జనులను చూచినవారికి ఒక విషయము స్ఫురింపక మానదు. ఒకని చేతిలో పట్టా కాగితము, ఒకతె చేతిలో ఆగిపోయిన పింఛను పుస్తకము, మరియొకరి చేతిలో శ్మశానమునకు దారి మూసివేసిరన్న దరఖాస్తు. ప్రతి కాగితమును ఒక అన్యాయమునకు సాక్ష్యమే. వానిలో పెక్కు ఫైలులో చేరి అక్కడనే నిలిచిపోవును. ఏ ఒకటియో మాత్రము గేటు దాటి వెలుపలికి వచ్చి, డప్పును, జెండాను, నినాదమును తోడు చేసికొని, రాస్తారోకోయై, బందై, పత్రికలలో పతాకశీర్షికయై, శాసనసభలో ప్రశ్నయై, ఎన్నడైన నొక శాసనముగ కూడ పరిణమించును. ఆ ఒక్క దానిని ఎవరు ఏరిరి? ఏమి చూచి ఏరిరి? మిగిలినవానిని ఎందులకు విడిచిరి?

దళితోద్యమ చరిత్రను వ్రాసినవారందరును సహజముగా వీథికెక్కిన దానిని గూర్చియే వ్రాసిరి. ఎక్కనిదానికి దస్తావేజులుండవు గదా. అయినను, నాయకులైనవారు ఏ అన్యాయమును బహిరంగ పోరాటమునకు ఎన్నుకొనిరి, దేనిని పెద్దమనుషుల పంచాయతికి, రాజీకి, మౌనమునకు విడిచిరి అను ప్రశ్నకు తెలుగునేలపై నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. ఏరుకొనుటయే తప్పని నేననను. బలము కొద్దిగా నున్నవాడు ఏరుకొనక తప్పదు. ప్రతి గాయమునకును పోరునకు దిగిన సంఘము మూడు నెలలలో అలసి కూలును. కాని ఏరుకొను అధికారము గాయపడినవారి చేతిలో నున్నప్పుడు ఫలితమొక తీరుగను, వారి పేరిట ఇతరుల చేతిలో నున్నప్పుడు వేరొక తీరుగను ఉండెననుట ఆ చరిత్రను కొంచెము ఓపికతో చదివినవారికి కానవచ్చును.

నిజాము రాజ్యమున ఈ ఎంపికను మొట్టమొదట ఒక క్రమపద్ధతిలో చేసినవాడు భాగ్యరెడ్డివర్మ. 1888లో హైదరాబాదున మాదరి భాగయ్యగా పుట్టి, 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలతో వాడవాడల జనమును కూడగట్టి, 1911లో మాన్యసంఘమును, అటుపిమ్మట ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగును నడిపిన ఆయన యెదుట అన్యాయములు గుట్టలుగా పడియుండెను. వానిలో ఆయన ఎన్నుకొన్నవి ఏవి? ఆడపిల్లలను దేవతల పేరిట జోగినులుగా విడుచుట, పెండ్లిండ్లలో మద్యపానము, జాతరలలో జంతుబలి, కులపంచాయతీల అస్తవ్యస్తత, పిల్లలకు బడి లేకపోవుట, ‘పంచముడు’ అను నీచమైన పిలుపు. 1917 నవంబరులో బెజవాడలో గూడూరు రామచంద్రరావు పూనికపై జరిగిన ఆంధ్రదేశ పంచమ మహాసభకు అధ్యక్షుడై పోయి, మేము అయిదవవారము కాము, ఈ నేల ఆదివాసులమని వాదించి, ఆ సభ పేరునే ఆది ఆంధ్ర మహాసభగా మార్పించెను. సభలు జరుగుచుండ కనకదుర్గ గుడి తలుపులు మూసివేసిరి. ఆ మూసిన తలుపుల యెదుట కూర్చుండి సత్యాగ్రహము చేసియుండవచ్చును, ఆయన చేయలేదు. పేరు మార్చుకొనుటకును, బడి పెట్టుకొనుటకును ఎవరి యనుమతియు అక్కరలేదు. గుడి తలుపు తెరచుటకు తలుపు మూసినవాని దయ కావలెను. వర్మ యెంపికలో ఈ వివేకము స్పష్టముగా కలదు. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము ‘ఆది హిందువు’ అను పేరును గుర్తించుట ఆ పట్టుదలకు దక్కిన ఫలము.

అయినను ఆ పట్టికలో లేనిదొకటి కలదు. అది వెట్టి. కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో ఆనాడు మాలవానికి, మాదిగవానికి సంవత్సరము పొడుగున తెల్లవారినది మొదలు పొద్దుగూకువరకు ఉన్న అన్యాయము వెట్టియే. మాదిగలు దొరకు చెప్పులు కుట్టి, మోటకు తోలు సిద్ధపరచి, డప్పు కొట్టవలెను. మాలలు గడీకి కావలి కాచి, ఊరికి వచ్చిన అధికారి మూటలు మోసి, కబురు చేరవేయుటకు కోసులకొలది నడువవలెను. కూలి యడిగినవానికి కొరడా సిద్ధముగా నుండెను. ఆది హిందూ నాయకులు హైదరాబాదు నగరములో, రెసిడెన్సీ బజారుల నీడలో, చిన్నచిన్న ఉద్యోగములపై బ్రతికిన కుటుంబములనుండి వచ్చినవారు. నిజాము ప్రభువుతో వైరము పెట్టుకొనిన బడులు మూతపడును. దేశముఖుతో పెట్టుకొనిన పల్లెలో తమవారి గుడిసెలు కాలును. కనుక వారు వెట్టిని విడిచిరని నేను దోషమెంచను. విడిచిన దానిని ఎవరు తీసికొనిరి, తీసికొన్నప్పుడేమైనది అనుటయే ముఖ్యము.

తీసికొన్నవారు ఆంధ్రోద్యమ నాయకులు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావను వకీలు తెలుగున మాట్లాడబోగా శ్రోతలు ఎగతాళి చేసి అడ్డుకొనుటయు, ఆ అవమానము నుండి ఆంధ్ర జనసంఘము పుట్టుటయు తెలిసిన విషయమే. మాడపాటి హనుమంతరావు ప్రభృతులు వెట్టిని గూర్చి చిన్న పుస్తకములు అచ్చువేసి, అధికారులు తీసికొను ఉచిత చాకిరి చట్టవిరుద్ధమని పల్లెలకు తెలిపిరి. అది గొప్ప సేవ, దానిని తక్కువ చేయరాదు. కాని 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు, భాగ్యరెడ్డివర్మ ప్రసంగమునకు సనాతనులు కొందరు అభ్యంతరము తెలిపిరి. తన భాషలో మాట్లాడనీయలేదన్న గాయమునుండి పుట్టిన ఉద్యమము, తొమ్మిదేండ్లు తిరుగకముందే, వెట్టి మోయువారి మనుజుడు వేదిక యెక్కుట యను చిన్న సంగతి వద్ద తడబడినది. వెట్టిని బహిరంగ సమస్యగా ఎన్నుకొన్నవారు వెట్టి మోయనివారు కావుటచేత, అందులో వర్తకుల నుండి అధికారులు లాగుకొను సరకుల మాటయు, రైతు నాగలి మాటయు ముందునకు వచ్చినంతగా మాదిగవాని డప్పు మాట రాలేదని నా యభిప్రాయము. పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషున వెలువరించిన రెండు సంపుటముల దళితోద్యమ చరిత్రలో హైదరాబాదు నగరపు సభలు, చీలికలు, బి.ఎస్. వెంకటరావు, శ్యాంసుందరుల నాయకత్వపు పోటీలు విస్తారముగా కనబడును. గోదావరి యొడ్డు పల్లెలకు అందులో చోటు కొద్ది.

ఈ యొడ్డునకు ఉత్తరముననున్న అడవిలో ఇందుకు భిన్నమైన దృశ్యము జరిగినది. కుమురం భీము తనవారిపై జరుగుచున్న దుర్మార్గములలో ఏది ముందని ఏ పట్నపు నాయకుని అడుగలేదు. ఆసిఫాబాదు అడవులలో గోండులకు గార్డు లంచము, సాహుకారు వడ్డీ, పట్టా లేని భూమి, పశువుల మేతపై పన్ను, అన్నియు ఏకకాలమున నుండెను. బాబెఝరి, జోడేఘాటు చుట్టుపట్ల పన్నెండు గూడెములవారు వానినన్నిటిని ఒక్క కోరికగా ముడివేసిరి: మేము పోడు కొట్టిన నేల మాది, అందుపై అధికారము మాకు వలయును. 1940లో భీము హతుడయ్యెను. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము హైమెండార్ఫను మానవశాస్త్రజ్ఞుని గోండుల మధ్యకు పంపి కారణములను తెలిసికొనవలసి వచ్చెను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి సంతలో గిరిజన రైతుకూలీ సంఘము సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపినప్పుడు, ప్రభుత్వము చెప్పిన మృతుల సంఖ్య పదమూడు. ప్రజాసంఘములు చెప్పినది అరువదికి పైబడినది. నలువదియొక్క యేండ్ల తరువాత కూడ నాటి సభలో ప్రధానమైన కోరిక భూమియే.

ఇక బొగ్గు సంగతి. 1889లో ఇల్లెందు ప్రాంతమున మొదలైన త్రవ్వకము గోదావరి దాటి బెల్లంపల్లికి, అనంతరము మందమర్రికి, రామకృష్ణాపురమునకు, శ్రీరాంపురమునకు వ్యాపించినప్పుడు, కరీంనగరు జిల్లా పల్లెలనుండి దొర వెట్టిని తప్పించుకొని బాయిలో దిగినవారిలో దళితులు చాలమంది. తట్టయు పారయు పట్టి భూమి అడుగున బొగ్గు నింపు పని కష్టమైనదే, ప్రాణాంతకమైనదే. కాని అక్కడ కూలి నగదుగా వచ్చును, దొర పిలువడు. ఒక తరములో పల్లెలో ‘ఓరి’ అని పిలువబడినవాని కొడుకు మస్టరులో పేరుతో పిలువబడెను. ఆర్కే బాయిలలో షిఫ్టు దిగి పైకి వచ్చినవాని ముఖము నల్లగానుండును గనుక అప్పుడు కులము కనబడదని పాత కార్మికులు చెప్పుచుండిరి. ఆ మాటలో సగము సత్యము. 1981లో, ఒకనాడు పని మానినచో ఎనిమిది దినముల వేతనము కోయు నిబంధనపై సింగరేణి కార్మికులు ఏబదియారు దినములు సమ్మె చేసి, ఆ సమ్మె నుండి సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టినప్పుడు, శ్రీరాంపురము నుండి మందమర్రివరకు ప్రతి బాయి గేటునను ఎన్నుకొనబడిన అన్యాయము వేతనము. వేతనపు గాయము ప్రతి ఒంటిపైనను ఒకేచోట నుండెను. మాదిగవానికిని వెలమవానికిని ఎనిమిది దినముల కోత ఎనిమిది దినములే. అందరిని కలుపగల కోర్కెను ముందుంచుట యూనియను నాయకుని వృత్తిధర్మము. కాని అదే కార్మికుడు పండుగకు పల్లెకు పోయి హోటలులో వేరు గ్లాసున టీ త్రాగి తిరిగివచ్చినప్పుడు ఆ సంగతి గేటు మీటింగులో పలుకబడలేదు. అందరిని కలుపునది కాదు గనుక అది వాడలోనే మిగిలెను.

నల్లజాతి ప్రజల చరిత్రను చదివినవారికి ఈ ఎంపిక క్రొత్తగా తోపదు. అమెరికాలో అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీ నగరమున 1955 మార్చి 2న క్లాడెట్ కోల్విన్ అను పదునైదేండ్ల విద్యార్థిని బస్సులో తెల్లవారికై సీటు విడువననగా పోలీసులు ఆమెను ఈడ్చుకొనిపోయిరి. నగరపు నల్లజాతి నాయకులు, అందు ముఖ్యముగా ఇ.డి. నిక్సన్, ఆమె కేసును బహిష్కారోద్యమమునకు ఆధారము చేయవలెనా యని తర్కించి, చివరకు వలదనుకొనిరి. ఆమె పేదవాడకు చెందినది, పిన్నవయస్కురాలు, ఆవేశపరురాలు. కొలది మాసములలో గర్భవతి కూడ అయ్యెను. పత్రికలు ఆమె శీలముపై వేయు బురద ఉద్యమముపై పడునని వారి భయము. అక్టోబరులో మేరీ లూయీ స్మిత్ అను మరియొక యువతి అట్లే అరెస్టయినను ఆమెయు ఎన్నుకొనబడలేదు. డిసెంబరు 1న నలువదిరెండేండ్ల రోజా పార్క్స్ అరెస్టయినప్పుడు నిక్సనునకు కావలసిన మనుజురాలు దొరికెను: స్థానిక సంఘమునకు కార్యదర్శిగా పనిచేసినది, కుట్టుపని చేసి బ్రతుకునది, ఊరిలో వేలెత్తి చూపలేనిది. జో ఆన్ రాబిన్సన్ అను ఉపాధ్యాయిని ఆ రాత్రియే వేలకొలది కరపత్రములు అచ్చొత్తించెను. 381 దినములు నల్లవారు బస్సులెక్కక నడిచిరి. ప్రపంచమెల్ల పార్క్స్ పేరు నేర్చుకొనెను.

కాని బస్సులలో వేరుచేయుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు తెచ్చిన వ్యాజ్యములో వాదులుగా నిలిచినవారు వేరు. 1956లో ఆ వ్యాజ్యమున ఆరీలియా బ్రౌడరుతో, సూసీ మెక్‌డొనాల్డుతో కలిసి బోనెక్కి సాక్ష్యము చెప్పినవారు కోల్విన్, స్మిత్ లే. అదే సంవత్సరము నవంబరు 13న సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పును స్థిరపరచెను. వీథికి పనికిరాదనుకొన్న బాలిక కోర్టుకు పనికివచ్చెను. పార్క్స్ కంటె కొన్ని నెలల ముందు షికాగో నగరమున మేమీ టిల్ అను తల్లి, మిసిసిపీలో చంపబడిన తన పదునాలుగేండ్ల కుమారుని శవపేటికను మూయవలదని, ముఖము గుర్తింపరాకున్నను జనులందరును చూడవలెనని పట్టుబట్టినప్పుడు ఏ సంఘమును ఆమెకు ముందుగా సలహా యీయలేదు. ఆ ఎంపిక ఆమెది. ఆ ఛాయాచిత్రము ఒక తరమును కదిలించెను. నిక్సన్ యెంపిక తప్పని నేననలేను. దాని వలన ఉద్యమము గెలిచెను. కోల్విన్ మాత్రము దశాబ్దములపాటు మరుగుపడి యుండెను. ఈ రెండును ఒకే నిర్ణయపు ఫలితములే.

తెలుగుదేశమున దళితులు తమంతట తామే ఏ అన్యాయమును వీథికెక్కించవలెనో నిర్ణయించుకొన్న మహాఘట్టము 1985 జూలైలో ప్రకాశము జిల్లా కారంచేడున వచ్చెను. అంతకు ముందు దారుణములు లేకపోలేదు. 1968లో కంచికచెర్లలో కోటేశను యువకుని దొంగతనము మోపి సజీవముగా కాల్చివేసిరి. పదిరికుప్పమున దళితులు హతులైరి. ఆయా సమయములలో పత్రికలు వ్రాసెను, శాసనసభ కొన్ని దినములు వేడెక్కెను, తరువాత చల్లారెను. పోరునకు యజమానులెవరును లేకపోయిరి. కారంచేడులో జరిగినదానికి మొదలు ఒక మంచినీళ్ల చెరువు. మాదిగపల్లెవారు త్రాగు ఆ నీటిలో కమ్మ యువకులు కుడితి బకెట్లు కడుగుచుండ ఒక మాదిగ యువకుడు అడ్డుచెప్పుటయు, వాడిని కొట్టబోవగా, నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ తన బిందె నెత్తి అడ్డుపడుటయు జూలై 16 నాటి సంగతి. మరునాడు ఊరు వాడపై పడెను. ఆరుగురు మాదిగలు హతులైరి, స్త్రీలపై అత్యాచారములు జరిగెను. అది నాటి ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావు వియ్యాలవారి గ్రామము.

బ్రతికినవారు పారిపోయి కొలది మైళ్ల దూరములోని చీరాల పట్టణమున చర్చి ఆవరణము చేరిరి. ఇక్కడనే నిర్ణయము జరిగెను. వాడకు తిరిగి రండని, పోలీసు పహరా పెట్టుదుమని, పరిహారమిత్తుమని ప్రభుత్వము చెప్పుచుండెను. తిరిగిపోయినచో ఆ సంగతి మరల ఒక గ్రామ తగవుగా మారి, పెద్దమనుషుల సమక్షమున రాజీ పడియుండును. మేము ఆ ఊరికి పోము, ఆ రైతు పొలమున ఇక కూలిచేయమని కారంచేడు మాదిగలు తీర్మానించుకొనిరి. రైలుమార్గముపై నున్న పట్టణమున, పత్రికలవారు ఉదయము వచ్చి సాయంకాలము తిరిగిపోగల చోట, ఒక జనపదమంతయు గుడారములలో నిలిచి యుండుటయే ఆ యుద్యమము బలము. పొన్నూరు కళాశాలలో సంస్కృతోపన్యాసకుడైన కత్తి పద్మారావు, హైకోర్టున ప్రభుత్వ న్యాయవాది పదవిని నిరసనతో విడిచిన బొజ్జా తారకము మొదలగువారు ఆ శిబిరమునకు వచ్చిరి. వారు వచ్చుటకు పూర్వమే శిబిరము కలదు. ఆ యేటనే దళిత మహాసభ ఏర్పడెను. తారకము 1970ల నాటికే నిజామాబాదులో వకీలుగా నుండి అంబేద్కరు యువజన సంఘమును నడిపినవాడు గనుక, ఉత్తర తెలంగాణ పల్లెల అనుభవము కోస్తా పోరులో కలిసినదని చెప్పవచ్చును. నాయకులు చేసిన గొప్పపని, కోరికను పరిహారము దగ్గర ఆగనీయక, శిక్షయు, భూమియు, చట్టమును వరకు లాగుట. 1989లో పార్లమెంటు చేసిన షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టము వెనుక కారంచేడు నీడ స్పష్టముగా నున్నది. ముఖ్యసాక్షియైన దుడ్డు అలీసమ్మ అనంతరకాలమున హత్య గావింపబడెను. సుప్రీంకోర్టు తుదితీర్పు 2008 డిసెంబరులో గాని రాలేదు. చీరాల విజయనగర కాలనీలో స్థిరపడినవారు కారంచేడునకు కాపురమునకు పోలేదు.

గుంటూరు జిల్లా చుండూరున 1991లో ఎన్నుకొనబడిన సంగతులు ఇంకను సూక్ష్మమైనవి. జూలై 7న సినిమాహాలులో ఒక చదువుకొన్న దళిత యువకుని కాలు ముందు వరుసలోని రెడ్డి యువకునికి తగులుట కారణము. వెలి, కూలిపనుల నిలుపుదల, నెలదినముల ఉద్రిక్తత. ఆగష్టు 6న ఎనిమిదిమంది దళితులను వెంటాడి నరికి, గోనెసంచులలో కట్టి కాలువలో పడవేసిరి. శవములు దొరికినప్పుడు, వానిని ఊరి వెలుపలి శ్మశానమున గాక ఊరి నడుమ పూడ్చవలెనని చుండూరు దళితులు నిశ్చయించుకొని అట్లే చేసిరి. ఆ చోటును ఇప్పటికిని రక్తక్షేత్రమందురు. ఏ రాష్ట్ర నాయకునికి తోచిన పద్ధతియు కాదది. తమ పూర్వులు ఏ వీథిలో నడువరాదనిరో ఆ వీథిలో తమ మృతులను నిలుపుట మృతుల బంధువులకే తోచగలదు. న్యాయవిచారణ కూడ గుంటూరున గాక చుండూరులోనే జరుగవలెనని పట్టుబట్టిరి. సాక్షులు కూలిపని మాని పట్నము పోవుచు వచ్చుచు నుండిన ఏడాదికే అలసిపోవుదురని, విచారణ యెచట జరుగునో సాక్ష్యమక్కడ నిలుచునని వారికి అనుభవము నేర్పెను. ప్రత్యేక న్యాయస్థానము చుండూరు గ్రామములోనే కూర్చుండెను. 2007 జూలై 31న ఇరువదియొక్కమందికి యావజ్జీవమును, ముప్పదియైదుగురికి ఒక యేడాది శిక్షయు విధించెను. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వారినందరిని విడుదల చేసెను. న్యాయస్థానపు గెలుపు ఆ విధముగా చేజారినను, ఊరి నడుమనున్న సమాధులను ఏ తీర్పును కదపలేదు.

ఈ విజయములలో మరుగున పడినవారు కూడ కలరు. కారంచేడు అనగానే జనమునకు జ్ఞాపకము వచ్చునది హతుల సంఖ్య. అత్యాచారమునకు గురియైన స్త్రీలు ఆ సంఖ్యలో చేరరు. సువార్తమ్మ బిందె కథగా మిగిలెను, ఆమె సహించినది నినాదము కాలేదు. మృతులు మాదిగలు కాగా రాష్ట్రస్థాయి వేదికలపై మాట వేరొకరిదైనదని మాదిగ యువకులలో పెరిగిన బాధ, 1994 జూలై 7న ప్రకాశము జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరాగా వెలువడెను. దండోరా నాయకుడైన మంద కృష్ణ తన పేరుకు కులనామమును చేర్చి పలుకుట ఆ కాలమున పెక్కురకు ఎబ్బెట్టుగా తోచినది. కాని దండోరా అడిగిన ప్రశ్న రిజర్వేషను భాగముల లెక్కలకే పరిమితమైనది కాదు: దళితుల పేరిట ఏది కోరవలెనో నిర్ణయించు గదిలో ఎవరు కూర్చుండియున్నారు అనుటయే దాని సారము. డప్పు, చెప్పు ఆ ఉద్యమమున చేతబట్టి ఊరేగు గుర్తులైనవి. జోగిపేటనాటి వెట్టి చర్చలో మూలకు నెట్టబడిన డప్పే అది. ముప్పది యేండ్లు నడిచిన ఆ పోరు 2024 ఆగష్టు 1న సుప్రీంకోర్టు తీర్పునకును, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఉపవర్గీకరణ చట్టము అమలునకు వచ్చుటకును దారితీసెను.

ఇప్పుడు మరల ఉమ్మడి ఆదిలాబాదుకు రావలెను. 2019 నవంబరు 24న కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా లింగాపూరు మండలము ఎల్లాపటారు చెంత, ఊరూరు తిరిగి చిన్నచిన్న సామానులు అమ్ముకొను బుడగజంగాల స్త్రీ యొకతె అత్యాచారమునకు, హత్యకు గురియయ్యెను. భర్త ఆమెను ఒక ఊరిలో విడిచి తాను వేరొక ఊరికి అమ్ముకొనబోయెను. రెండు ఊళ్లు వేరువేరుగా తిరిగిననే ఆ పూట కూడు గడచును. మరునాడు ఆమె శవము పొదలలో దొరికెను. అధికారులు ఆమెకు సమత యని మారుపేరు పెట్టిరి. మూడు దినముల తరువాత, నవంబరు 27 రాత్రి, హైదరాబాదు శివార్లలో శంషాబాదు వద్ద ఒక పశువైద్యురాలికి అట్టి ఘోరమే జరిగెను; ఆమెకు దిశ యని పేరు పెట్టిరి. తరువాత జరిగినది దేశమెరుగును. షాద్‌నగరు పోలీసు స్టేషను ముందు జనము వేలుగా కూడిరి, పార్లమెంటు దద్దరిల్లెను, డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసుల చేతిలో హతులైరి. ఆ కాల్పులు నిజమైన ఎదురుకాల్పులు కావని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కరు కమిషను 2022లో తేల్చెను.

దిశకై ఏడ్చినవారిని నేను తప్పుపట్టను. ఆ దుఃఖము నిజమైనది, ఏ ఆడబిడ్డ కొరకైనను ఆ దుఃఖము చాలదు. ప్రశ్న వేరు. ఆ వారమున కెమెరాలు శంషాబాదు టోల్‌గేటు వద్దనే యుండెను గాని జైనూరు, లింగాపూరు దారి పట్టలేదు. దిశ చదువుకొన్నది, ఉద్యోగము చేయునది, పట్నపు ప్రతి ఇంటి ఆడపిల్లను పోలినది. టీవీ చూచువాడు ఆమెలో తన చెల్లెలిని చూచెను. సమతలో తన చెల్లెలిని చూచువాడు టీవీ ముందు కూర్చుండుట అరుదు. మాంట్‌గోమరీలో నిక్సను వేసికొన్న లెక్కయే ఇదియు. అక్కడ ఆ లెక్కను ఒక నాయకుడు వేసికొనెను, ఇక్కడ ఎవరును కూర్చుండి వేసికొనకుండగనే అది పడిపోయెను.

దానిని ఎదిరించినవారు ఆదిలాబాదు, ఆసిఫాబాదు, నిర్మల్ జిల్లాల దళిత సంఘములవారు. వారికిని ఇది సులభమైన ఎంపిక కాదు. బుడగజంగాలు సంచారజాతి; వారికి ఊరిలో స్థిరమైన వాడ లేదు, వాడలో సంఘము లేదు, ఎన్నికలలో లెక్కింపదగిన సంఖ్య లేదు. ఆమె హతురాలైన చోట ఆమెను ఎరిగినవారు లేరు. మాల, మాదిగ, నేతకాని సంఘములు తమ పెద్దకులముల లెక్కలో ఆమెను విడిచియుండవచ్చును, విడువలేదు. దిశకు ప్రత్యేక న్యాయస్థానమైనప్పుడు సమతకు ఎందులకు కాదని అడిగిరి, బందులు చేసిరి, కలెక్టరేట్ల ముందు కూర్చుండిరి. డిసెంబరులో ఆదిలాబాదున ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడెను. 2020 జనవరి 30న ముగ్గురు నేరస్థులకు అది మరణశిక్ష విధించెను. మరణశిక్ష న్యాయమా యను వాదము వేరు, దానిపై నా మనస్సు ఇంకను ఒప్పుకొనదు. కాని దిశ విషయమున సాక్షి బోనెక్కి జరిగినదేమో చెప్పు అవకాశమే నశించినది. సమత విషయమున అడవి పల్లెల సాక్షులు న్యాయాధిపతి యెదుట నిలిచి చెప్పిరి, వారి మాట దస్తావేజులో నిలిచెను.

నస్పూరు, శ్రీరాంపురము, మంచిర్యాలల కార్మికవాడలలో ఏప్రిల్ 14న అంబేద్కరు విగ్రహము చెంత కూడు సంఘములు ఇప్పుడు బలహీనమైనవి కావు. వారి పిల్లలలో వకీళ్లు కలరు, విలేఖరులు కలరు, ఉపాధ్యాయులు కలరు. ఏ సంగతిని వీథికెక్కించవలెనో తీర్మానించు సమావేశములు వారి ఇండ్లలోనే జరుగుచున్నవి. ఆ సమావేశములలో, జాతీయ రహదారి ప్రక్కన ప్లాస్టిక్ గుడారములలో నుండి ఊరూరు తిరిగి అమ్ముకొను బుడగజంగాల, డక్కలి, చిందు కుటుంబముల నుండి ఇద్దరు ముగ్గురు స్త్రీలకైనను కుర్చీ వేయవలెను. అమ్మకమునకు బయలుదేరినప్పుడు ఏ దారిలో తమను ఎవరు అటకాయించుదురో, ఏ ఠాణాలో తమ ఫిర్యాదును వ్రాసికొనరో, ఏది మొదట అడుగవలెనో వారే చెప్పవలెను. వ్రాసికొని గేటు వద్దకు తీసికొనిపోవు పని మిగిలినవారు చేయవచ్చును.